లిఖితుని చేతులు

దండన యెచ్చట ముగియును? న్యాయస్థానము విధించిన సంవత్సరములు గడచి, లోనికి పోయిననాడు అప్పగించిన బట్టలును చెప్పులును తిరిగి చేతికి వచ్చి, కారాగారపు ఇనుపతలుపు దాటి మనిషి రోడ్డు మీద నిలిచిన క్షణముననే అది ముగిసినదని చట్టము చెప్పును. కాని ఆ మనిషి బస్సెక్కి ఆర్మూరులో దిగి, అచ్చటినుండి భీమ్‌గల్ చేరి, తన వాడకట్టులో అడుగుపెట్టిన గడియ మొదలుకొని, అతనిని కూలికెవరు పిలిచెదరు, కల్లములో పసుపు ఉడికించు గుంపులో ఎవరు కలుపుకొనెదరు, అంగడిలో ఏ సేటు నమ్మి మూట మోయించుకొనును అను ప్రశ్నలకు సమాధానము దొరకనంత కాలము దండన ముగిసినదనుట మాటవరుసకే యగును. పైకి చూచినచో ఇది ఉపాధికి సంబంధించిన చిన్న పరిపాలనా విషయమువలె కనబడును. ఒక మనిషి చేసిన పాపమును అతని నుండి వేరు చేయుట సాధ్యమా, సాధ్యమైనచో ఆ పని దేవునిదా, రాజుదా, ఇరుగుపొరుగుదా అని తరతరములుగా మన ధర్మచింతన అడుగుచు వచ్చిన ప్రశ్నయే అందులో దాగియున్నదని నా నమ్మకము.

కురుక్షేత్రమున బంధువులనెల్ల పోగొట్టుకొని గెలిచిన ధర్మరాజు, రాజ్యమేలుటకు మనసొప్పక అడవికి పోయెదనని కూర్చున్న వేళ వ్యాసుడతనికి చెప్పిన కథ యొకటి మహాభారతమున శాంతిపర్వములో గలదు. బాహుదానదీ తీరమున శంఖుడు, లిఖితుడు అను అన్నదమ్ములిరువురు వేర్వేరు ఆశ్రమములలో తపస్సు చేసికొనుచుండిరి. ఒకనాడు లిఖితుడు అన్న ఆశ్రమమునకు వచ్చి, అన్న లేకపోవుట చూచి, చెట్ల పండ్లు కోసికొని నిశ్చింతగా తినుచుండెను. అంతలో శంఖుడు తిరిగివచ్చి, అడుగక తీసికొనుట దొంగతనమగునని చెప్పి, రాజునొద్దకు పోయి చేసినది ఒప్పుకొని శిక్షను కోరుమని పంపెను. సుద్యుమ్న మహారాజు మునికి ఎదురేగి, సంగతి విని, దండించుటకు రాజెట్లు ప్రమాణమో క్షమించుటకును అట్లే ప్రమాణమని చెప్పి విడిచిపెట్టనెంచెను. లిఖితుడు సమ్మతింపలేదు. చివరకు రాజతని రెండు చేతులు నరికించెను. మొండిచేతులతో తమ్ముడు వచ్చి యెదుట నిలువగా శంఖుడు, తనకు కోపము లేదనియు, తప్పిన ధర్మమునకు ప్రాయశ్చిత్తమైనదనియు చెప్పి, వెంటనే బాహుదకు పోయి దేవతలకు, ఋషులకు, పితరులకు తర్పణములు విడువుమనెను. లిఖితుడు నదిలో మునిగి తర్పణమునకు పూనుకొనగా తామరలవంటి రెండు చేతులు మొలచినవి. ఆశ్చర్యపడిన తమ్ముడు, ఇంత తపశ్శక్తి యుండగా మొదటనే నన్నేల పవిత్రుని చేయలేదని అడిగెను. నిన్ను దండించుటకు నేనధికారిని కాను, దండించి ఆ రాజును, దండన పొంది నీవును నీ పితరులును పవిత్రులైతిరి అని అన్న బదులు చెప్పెను.

ఈ కథను పౌరాణికులు రాజదండము యొక్క ఆవశ్యకతకు దృష్టాంతముగా చెప్పుదురు. వ్యాసుని ఉద్దేశమును అదియే, ధర్మరాజును సింహాసనమునకు ఒప్పించుటయే. కాని చేతులు నరకుట వరకే కథ నడచియుండినచో అది క్రూరుడైన యొక రాజు కథగా మిగిలిపోయెడిది. కథకు ప్రాణము నదీతీరమున నున్నది. ఎవడు తప్పును తప్పని చెప్పి శిక్షకు పంపినాడో వాడే, శిక్ష ముగిసినవానిని గడప దగ్గర నిలిపి పరీక్షింపక, ఇంకను కొంతకాలము చూతమనక, అదే దినమున ఒక పనికి పంపినాడు. మఱియు లిఖితుడు చేతులు వచ్చిన పిదప తర్పణమునకు దిగలేదు. చేతులు లేనివాడు చేతులతో చేయవలసిన పనికి పూనుకొన్నాడు. పూనుకొనగా చేతులు వచ్చినవి. శుద్ధుడవై రమ్ము, పని యిచ్చెదమను మన లోకపు పద్ధతికి ఇది నేరుగా ఎదురైన క్రమము. పని చేయించి చూడకయే వాని చేతులు వచ్చినవో లేవో తెలిసికొనుట ఎట్లు?

మనుస్మృతి 8వ అధ్యాయమున, పాపము చేసి రాజదండన పొందినవారు నిర్మలులై పుణ్యము చేసినవారివలెనే స్వర్గమునకు పోవుదురను మాట కలదు. ఆ గ్రంథముననే 9వ అధ్యాయమున, మహాపాతకుల నుదుట కాల్చిన గుర్తు వేయవలెననియు, గుర్తు పడినవారితో కూడి భుజింపరాదనియు, వియ్యమందరాదనియు చెప్పి, వెంటనే, ప్రాయశ్చిత్తము చేసికొన్నవారికి మాత్రము ఆ గుర్తు వేయరాదను మినహాయింపును చేర్చినారు. ఒకే నేరమునకు వర్ణమును బట్టి దండనను హెచ్చించి తగ్గించిన ఆ గ్రంథమును నేను తలకెత్తుకొనను. అయినను ప్రాచీనుల మనసులో ఈ రెండు ఆలోచనలు, దండన కడిగివేయుననునదియు, దండన ముద్రవేయుననునదియు, పక్కపక్కనే పెనగులాడినవని దానివలన తెలియుచున్నది. నేడు నుదుళ్ళు కాల్చువారు లేరు. పోలీసు విచారణ పత్రమున ఒక పంక్తి చాలును. 1958 నాటి ప్రొబేషన్ చట్టము 12వ సెక్షను, ప్రొబేషను మీద విడిచిపెట్టబడినవానికి ఆ నేరనిర్ణయము వలన అనర్హత కలుగరాదని శాసించినది. జైలులో శిక్ష పూర్తిగా అనుభవించినవానికి ఆపాటి నీడయు లేదు.

మన పల్లెలలో పూర్వము కులపంచాయతీలు నడచినప్పుడు తప్పు కట్టించుట అను ఆచారము ఉండెడిది. అది న్యాయమైన వ్యవస్థ యని చెప్పుటకు నేను సిద్ధముగా లేను. స్త్రీలపట్ల, నిరుపేదలపట్ల, కులము దాటి పెండ్లాడినవారిపట్ల అది చేసిన క్రౌర్యము అందఱికిని తెలిసినదే. అయినను దానిలో ఒక అంగము పరిపూర్ణముగా నుండెను. తప్పు చేసినవాడు పెద్దలు విధించిన దండుగ కట్టి, కులమునకు విందు పెట్టినచో, అతనిని పంక్తిలో కూర్చుండబెట్టుకొని తినెడివారు. ఆ పంక్తిభోజనముతో కులములో కలిసినాడని ఊరెల్ల ఎఱుగును. ఆ పిదప ఆ మాటనెత్తిపొడిచినవాడే తప్పు చేసినవాడగును. వెలివేయుటకెట్లు తంతు కలదో, తిరిగి చేర్చుకొనుటకును అట్లే తంతు కలదు. ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ ప్రాంతములలో నేడు కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు విధించుచున్న సాంఘిక బహిష్కరణలలో ఈ రెండవ సగము కనబడదు. మాటలాడరాదు, దుకాణములో సరుకీయరాదు, పొలమునకు కూలి పోరాదు అని కట్టడి చేయుట మాత్రము మిగిలినది. రాజ్యాంగబద్ధమైన ప్రభుత్వము ఇట్టి కమిటీలకంటె ఎంతో ఉన్నతమైనదని మనము నమ్ముదుము గదా, దాని చేతిలోనైనను ఈ రెండవ సగము సంపూర్ణముగా నున్నదా? విడుదల కాగితము కలదు. చేర్పు కాగితము లేదు.

నిజామాబాదు ఖిల్లాను చూచినవారికి తెలియును: ఒకే గుట్టమీద రామాలయమును పాత జైలును ఉన్నవి. నిజాము కాలమున దాశరథి కృష్ణమాచార్యులు అచ్చటనే బంధింపబడి, ఆ గోడలమీద బొగ్గుతో పద్యములు వ్రాసినాడు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు ఆ జైలులో సహచరుడు. దాశరథి వ్రాసిన గోడలను చూపించి మనము గర్వపడుదుము, పడవలసినదే. కాని ఆళ్వారుస్వామి ఆ జైళ్ళలో చూచినది రాజకీయ ఖైదీలను మాత్రమే కాదు. దొంగతనములకు, హత్యలకు వచ్చిన సామాన్య ఖైదీలతో కలసి తిని, వారి కథలు విని, తరువాత ‘జైలు లోపల’ అను పేరున కథల సంపుటమును వెలువరించినాడు. పోరాటమున జైలుకు పోయినవాడు వెలుపలికి వచ్చిననాడు దండలు వేసి ఊరేగించితిమి. అదే గదిలో, అదే గోడ ప్రక్కన పడుకొన్న రెండవవాడు వెలుపలికి వచ్చిననాడు ఎవరెదురుపోయిరి? ఆ రెండవవానిని గుఱించి వ్రాయవలెనని ఆళ్వారుస్వామికి తోచుట తెలుగు కథకు జరిగిన గొప్ప మేలు.

మన తెలుగు నేలలో ఈ విషయమున ఏ ప్రయత్నమును జరుగలేదనుట అన్యాయమగును. 1954లోనే హైదరాబాదు శివారున మౌలాలిలో ఖైదీల వ్యవసాయ కాలనీ ఏర్పడినది. అనంతపురమున 1965లో అట్టి బహిరంగ కారాగారమే వెలసినది. గోడలు లేని జైలులో దున్ని విత్తి పండించినవాడు పారిపోకపోవుటయే అతనిపై నుంచిన నమ్మకమునకు సాక్ష్యమని ఆనాటి అధికారులు గ్రహించిరి. 1977లో మహమ్మద్ గియాసుద్దీన్ అను వ్యక్తికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు నడుమ నడచిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరు, నేరమును రోగమువలె చూడవలెననియు, శిక్షకు పరమార్థము మనిషిని బాగుచేయుటయే యనియు విపులముగా వ్రాసి, శిక్షాకాలమును తగ్గించి, అతనికి తగిన పని యిచ్చి కూలి చెల్లింపవలెనని ఆదేశించెను. ఆ గియాసుద్దీన్ చేసిన నేరము, ఉద్యోగములిప్పించెదనని యువకులను నమ్మించి సొమ్ము కాజేయుట. ఉద్యోగము పేరిట మోసము చేసినవానికి ఉద్ధరణమార్గముగా న్యాయమూర్తి చూపినదియు పనియే.

తెలంగాణలో కారాగారశాఖ చంచల్‌గూడ మొదలుగా పలుచోట్ల పెట్రోలు బంకులు నడుపుచు, వాటిలో ఖైదీలకును విడుదలైనవారికిని పని యిచ్చుచున్నది. 2024 జులైలో ప్రత్యేక క్షమాభిక్ష వలన 213 మంది విడుదలైరి. వారిలో అత్యధికులు యావజ్జీవ ఖైదీలు. కొందఱకు ఈ బంకులలోనే ఉపాధి చూపుదుమని శాఖవారు చెప్పిరి. మండుటకు సిద్ధముగానున్న ఇంధనమును, దినమంతయు చేతులు మారు రొక్కమును, ఒకప్పుడు హత్యకు శిక్షపడినవాని చేతికప్పగించి రాష్ట్రము చెడిపోలేదు. ప్రతిదినము ఆ బంకుల ముందు బండ్లు వరుసకట్టుచునే యున్నవి. పోయువాడెవడని అడుగక జనులు పోయించుకొని పోవుచునే యున్నారు.

అయితే బంకులెన్ని యుండును? చంచల్‌గూడలో దొరకిన పనికై భీమ్‌గల్ మనిషి ఇల్లు వదలి పోవలసినదేనా? అతడు తిరిగి కలియవలసినది తన ఊరితో. ఊరితో కలియుటకు ఊరి పనికంటె దగ్గరి దారి నాకు కనబడదు. 2018లో గ్రామపంచాయతీ నుండి పురపాలక సంఘమైన ఈ పట్టణమున బల్దియా పని యనగా చీపురు మాత్రమే యని అనుకొనరాదు. వీధిదీపము మాడినచో నిచ్చెన వేసికొని మార్చువాడు కావలెను. నీళ్ళ పైపు పగిలి రోడ్డు మీద మడుగు కట్టినచో త్రవ్వి అతుకు వేయువాడు కావలెను. హరితహారములో నాటిన మొక్కలకు వేసవిలో ట్యాంకరుతో నీరు పట్టువాడును, నర్సరీ చూచువాడును, వైకుంఠధామమున చెట్టుచేమ నరికి శుభ్రముగా నుంచువాడును, డంపింగు యార్డులో తడిచెత్త పొడిచెత్త వేఱుపఱచువాడును కావలెను. జైళ్ళలో వడ్రంగమును, ఇనుపసామాను చేయుటను, తోటపనిని నేర్చినవారున్నారు. నేర్చిన విద్య గేటు దగ్గర ఆగిపోవుటకు కారణమే లేదు.

ఇక్కడ నన్ను నిలువరించిన మాట యొకటి కలదు. దానిని దాటిపోవుట తగదు. ఈ ఆలోచనను నేను మా పట్టణమున పారిశుద్ధ్య పనిచేయు పెద్దామె యొకతెతో చెప్పితిని. తెల్లవారుజామున ఆమె మోరీ పక్కన నిలిచి, పారతో అడుగుమడ్డి నెత్తి గట్టున పోయుచుండెను. ఆ నల్లని మడ్డిలో గుట్కా సంచులు, కోడి ఈకలు, పగిలిన సీసాపెంకు, పెండ్లివారి పూలదండ. పెంకును ఆమె చేతితో ఏరి ప్రక్కన వేరుగా పెట్టినది, తట్టనెత్తువానికి గ్రుచ్చుకొనకుండుటకై. నా మాట పూర్తిగా విని ఆమె యిట్లన్నది: “సారూ, తప్పు జేసినోనికి మా పనే శిచ్చనా? మేమేం తప్పు జేసినమని ఇన్నేండ్ల సంది మోరీలు తీస్తున్నం?”

ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రములన్నియు కలసియు సమాధానము చెప్పలేవు. జైలు నుండి వచ్చినవానికి వీధులూడ్చు పని యిచ్చుట దయయని మనకు తోచినప్పుడు, ఆ దయ వెనుక, ఆ పని హీనమైనది గనుక హీనునకు చాలునను తలంపు దాగియుండవచ్చును. అట్లైనచో మనము ఒక మనిషిని పైకెత్తుటకై, ఏ పాపమును ఎఱుగని ఒక జనసమూహమును ఖైదీల వరుసలోనికి దింపిన వారమగుదుము. ఇది ఊహామాత్రమైన భయము కాదు. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత అను పాత్రికేయురాలు వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, మన జైళ్ళ నియమావళులలో ఊడ్చు పని, మరుగుదొడ్ల పని కొన్ని కులములవారికే అప్పగించు నిబంధనలు ఇంకను నిలిచియుండుట చూచి, అవి రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసినది. స్వతంత్రము వచ్చిన డెబ్బదియేడు సంవత్సరములకును చీపురు నెవరి చేతికీయవలెనో జైలులో కులమే నిర్ణయించుచుండెనన్న మాట! అదే సంవత్సరము జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, 4వ సెక్షనులో, చిన్న నేరములకు సమాజసేవను ఒక శిక్షగా చేర్చినది. జైలుకంటె అది మేలని నేనును ఒప్పుకొందును. కాని తాగి బండి నడపినవానిని తెచ్చి ఆసుపత్రి ఆవరణ ఊడ్పించి ఫోటో తీయించునప్పుడు, దినమును అదే ఆవరణము నూడ్చు మనిషి ప్రక్కనే నిలుచుండి చూచును. ఆ ఫోటోలో తన వృత్తి ఏమైనదో అతనికి తెలియదా?

కావున ఆ పెద్దామెకు నేను చెప్పగలిగినది, ఆమె ప్రశ్నను అంగీకరించి దానినే నియమముగా మార్చుట తప్ప మఱియొకటి లేదు. విడుదలైనవానికి ఇచ్చునది ఉద్యోగమగునా, శిక్షకు పొడిగింపగునా అన్నది అతని ప్రక్కన పనిచేయువారి పరిస్థితి చేతనే తేలును. వారికి చేతితొడుగులు, బూట్లు, నెలనెల తప్పని జీతము, భవిష్యనిధి ఉన్నచో ఇతనికి దొరకినది ఉద్యోగము. వారికే అవి లేనిచో ఇతనిని మనము రెండవ జైలునకు పంపుచున్నాము. 2021లో రాష్ట్రప్రభుత్వము 60వ సంఖ్య ఉత్తర్వు ద్వారా ఔట్‌సోర్సింగు ఉద్యోగులకు కనిష్ఠ వేతనమును నెలకు 15,600 రూపాయలుగా నిర్ణయించినది. అది తమకును అమలుచేయుడని మునిసిపల్ కార్మిక సంఘములు రోడ్డెక్కవలసివచ్చినది. మోరీ తీయువాని జీతమును గుఱించి మాటలాడక, ఖైదీ పరివర్తనను గుఱించి మాటలాడుట వ్యర్థము. ఆ రెండును ఒకే విషయము.

శౌచమును గుఱించిన మన భావనయే ఇచ్చట తలక్రిందులైనది. మురికిని తొలగించువాడు మురికివాడెట్లయ్యెను? బౌద్ధుల థేరగాథలలో సునీతుడను వీథులూడ్చువాడు కలడు. రాజగృహపు దారిలో బుద్ధుడతని యెదుట ఆగి, భిక్షువుగా పిలిచినాడు. ఆ సంఘముననే అంగుళిమాలుడును ఉన్నాడు, వాడు హంతకుడు. అర్హతుడైన పిదపగూడ భిక్షకు పోయినప్పుడు జనులు రాళ్ళు రువ్విరి. తల పగిలి, భిక్షాపాత్ర విరిగి, చీవరము చినిగి తిరిగివచ్చెను. కోసలరాజు ప్రసేనజిత్తు మాత్రము, తాను పట్టుకొన బయలుదేరిన మనిషి ఇతడేయని తెలిసినప్పుడు మొదట వణకినను, తరువాత నమస్కరించి వస్త్రములు, ఔషధములు సమర్పింతునన్నాడు. ఊడ్చువాడును చంపినవాడును ఒకే పంక్తిలో కూర్చుండినప్పుడు, సునీతునికి అవమానము జరిగినదని ఎవరును అనలేదు. పంక్తి గౌరవప్రదమైనది గనుక ఇద్దఱును గౌరవము పొందిరి.

మా పట్టణమున ముస్లిములు అనేకులు. వారి ప్రవక్త బోధలలో, విశ్వాసమునకు డెబ్బదికి పైగా శాఖలున్నవనియు, వానిలో అన్నిటికంటె చిన్నది దారిలో నుండి హాని కలిగించు వస్తువును తొలగించుట యనియు చెప్పిన హదీసు కలదు. సీసాపెంకును ఏరి ప్రక్కన పెట్టిన ఆ పెద్దామె చేసినది ఈ లెక్కన ఈమాను, అనగా విశ్వాసము. అచ్చటనే మఱియొక వృత్తాంతము: తాగినందుకు దండన పొందిన ఒకనిని జనులు శపించుచుండగా ప్రవక్త వారించి, మీ సోదరునిపై సైతానుకు సహాయము చేయకుడనెను. దండన జరిగిన పిదప నిందించుట సైతానుకు కూలి చేయుటయని దీని తాత్పర్యము. కార్తికమాసమున లింబాద్రి గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి రథోత్సవమునకు వేలకొలది జనులు వచ్చి మ్రొక్కులు తీర్చుకొని పోయిన మరునాడు, గుట్ట క్రింద కొబ్బరిపీచును, విస్తరాకులను, ప్లాస్టికు గ్లాసులను ఎత్తువారెవరో భక్తులు చూడరు. నరసింహుడు హిరణ్యకశిపుని చీల్చిన దేవుడు. ఆ యసురుని కుమారుని తలమీద చేయి వేసిన దేవుడును ఆయనయే. తండ్రి పాపము కొడుకునకంటలేదని నమ్మి ఆ కథను విన్న మనము, శిక్ష ముగిసినవాని పిల్లలను బడిలో ఏమని పిలుచుచున్నాము?

గల్ఫు దేశములతో ఇంత సంబంధమున్న ఈ నిజామాబాదు జిల్లాలో మఱియొక సంగతి చెప్పవలెను. మనవారెందఱో దుబాయిలో, మస్కటులో, కువైటులో అక్కడి బల్దియా పనులు చేసి, ఇక్కడ ఇండ్లు కట్టినారు, చెల్లెండ్ల పెండ్లిండ్లు చేసినారు. అక్కడ వీధులూడ్చినవానిని ఇక్కడ ఎవరును చిన్నచూపు చూడలేదు; దుబాయి పోయివచ్చినవాడనియే పిల్లనిచ్చిరి. సిరిసిల్ల ప్రాంతమునకు చెందిన ఐదుగురు శ్రామికులు ఒక నేపాలీ కాపలాదారు హత్యకేసులో దుబాయి జైలున సుమారు 18 సంవత్సరములుండి, విడుదలై తిరిగివచ్చినప్పుడు, విమానాశ్రయమున కుటుంబములవారు ఏడ్చుచు కౌగిలించుకొనిరి. దూరదేశపు శిక్షలో మనము మనిషి కష్టమును చూడగలిగితిమి. ఆ చూపు చంచల్‌గూడనుండియో, నిజామాబాదు నుండియో వచ్చినవాని విషయమున ఏల మసకబారవలెను?

బాధితుల మాట యేమి అని అడుగువారు న్యాయముగానే అడుగుచున్నారు. చంపబడినవాని తల్లి అదే పట్టణమున నుండవచ్చును. తన వాకిలి ముందు చెత్తబండి నడుపుచు వచ్చినవాడు తన కొడుకును చంపినవాడైనచో ఆమె కడుపులో రేగునది ఏ శాస్త్రముతోను చల్లారదు. ఆమెను క్షమింపుమని అడుగు హక్కు నాకు గాని, మునిసిపల్ కమిషనరుకు గాని, ఏ దేవునికి గాని లేదు. క్షమ ఆమె సొత్తు. శంఖుని కథలో పండ్లు పోగొట్టుకొన్నవాడును ఆదరించినవాడును ఒక్కడే గనుక ఆ చిక్కు రాలేదు. లోకములో ఆ ఇద్దఱు వేరు. కనుక అట్టివానికి ఆ వార్డు ఇవ్వరాదు, ఆ వీథి ఇవ్వరాదు. అవసరమైనచో ఆ పట్టణమే ఇవ్వరాదు, పొరుగున ఆర్మూరో మఱియొకటో ఇవ్వవలెను. పని మానిపించుటవలన ఆ తల్లికి కొడుకు తిరిగిరాడు. పని లేనివాడు మరల నేరమునకు దిగినచో మఱియొక తల్లికి కొడుకు పోవును.

ఏ నేరమును చేయని నిరుద్యోగి యుండగా నేరము చేసినవానికేల అను రెండవ ఆక్షేపణకు నాకంత బలము కనబడదు. వీథులూడ్చుటకు మోరీలు తీయుటకు డిగ్రీలు చదివినవారు బారులు తీరుట నేను చూడలేదు. ఆ ఆక్షేపణ చేయువారు తమ కుమారునికి ఆ పని అడుగుటలేదు. అది ఇంకొకనికి చెందరాదని మాత్రమే కోరుచున్నారు.

దూరదేశముల అనుభవమొకటి ఇచ్చట ఉపకరించును. న్యూయార్కు నగరమున డో ఫండ్ అను సంస్థ 1990 నుండి, ఇల్లు లేనివారిని, జైలు నుండి వచ్చినవారిని నీలిరంగు దుస్తులతో వీథులూడ్చు పనిలో పెట్టి, జీతమిచ్చి, క్రమముగా ఇతర ఉద్యోగములకు పంపుచున్నది. ఆ నగరముననే సెంటర్ ఫర్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చునిటీస్ అను మఱియొక సంస్థ విడుదలైనవారికి వెంటనే నిర్వహణపనులు చూపి, దినకూలి చేతికిచ్చును. దాని ఫలితములను పరిశోధకులు మూడేండ్లు వెంబడించి పరిశీలింపగా, ఉద్యోగములు దొరకుటలో తొలి లాభము కాలక్రమమున తగ్గిపోయినను, విడుదలైన మూడు నెలలలోపల ఆ పనిలో చేరినవారు మరల జైలుపాలగుట గణనీయముగా తగ్గెనని తేలినది. ఆలస్యముగా చేరినవారిలో ఆ మేలు అంతగా కనబడలేదు. కూలి డబ్బుకంటె కాలమే ఇచ్చట ముఖ్యమైనది. శంఖుడు తమ్ముని వెంటనే నదికి పొమ్మనుటలో ఎంత వివేకమున్నదో ఆ పరిశోధన చదివిన పిదప నాకు మఱింత విశదమైనది. విడుదలైనవాడు ఇల్లు చేరి, మొదటి వారము చుట్టములు చూచిపోయి, రెండవ వారము వాకిట కూర్చుండి, మూడవ వారము పాతస్నేహితుడు వచ్చి పిలిచినప్పుడు పోకుండుటకు అతనికి తెల్లవారి పోవలసిన చోటు ఒకటి ఉండవలెను.

భీమ్‌గల్ పురపాలకులకును, ఈ జిల్లాలోని తక్కిన పట్టణముల పాలకులకును నా విన్నపమిది. మీరు ఔట్‌సోర్సింగు సంస్థకు ఇచ్చు తరువాతి ఒప్పందమున, శిక్ష పూర్తిచేసి వచ్చినవారికై కనీసము రెండు స్థానములు కేటాయించుడు. జైలు అధికారులతో విడుదలకు ముందే మాటలాడి, మనిషి ఊరు చేరిన నెలలోపల హాజరుపట్టీలో పేరెక్కించుడు. వాని బట్టలమీద గాని కార్డుమీద గాని వేరుగుర్తు ఉంచకుడు. ఏ పని ఇచ్చినను, వీథిదీపమైనను మోరీయైనను, తక్కినవారి జీతమే ఇయ్యుడు. ఆ తక్కినవారి జీతము ముందుగా సరిచేయుడు. ఇక చదువరులకు: అట్టివాడు మీ వీథికి వచ్చిననాడు పేరడిగి పేరుతో పిలువుడు, దాహమడిగినచో మీరు త్రాగు గ్లాసుతోనే నీళ్ళీయుడు.